విద్యా నిపుణులతో మాట్లాడాక, పిల్లలు ఎలా నేర్చుకుంటారనే విషయంలో మీ అభిప్రాయం ఎప్పుడైనా మారిందా?

మారింది. ఒకే ఒక్కసారి, ఒకే ఒక్కరి వల్ల. మిగతా నిపుణుల సంగతి కూడా చెప్తా, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

పంతొమ్మిదేళ్లుగా ఎస్‌జీటీని, అంటే చిన్న తరగతులకు చెప్పే సర్కారు బడి టీచరుని. సర్వీసంతా పరకాల చుట్టుపక్కల ఊళ్లలోనే గడిచింది. మా దగ్గర నిపుణులతో మాట్లాడటం అనేది ఉండదు, వాళ్లు చెప్తే వినటమే. ట్రైనింగ్ అంటే మండల కేంద్రంలో ఏదో హైస్కూలు గది. ఒక ఫ్యాను తిరుగుతుంది, ఒకటి తిరగదు. పొద్దున్నే చప్పట్లు కొట్టే ఆట ఒకటి ఆడిస్తారు. నలభై ఎనిమిదేళ్ల మనిషిని, మోకాళ్ల నొప్పులతో గుండ్రంగా తిరుగుతుంటా. తర్వాత గ్రూపులు చేసి, చార్టూ స్కెచ్ పెన్నులూ చేతిలో పెట్టి "ఆనందదాయక అభ్యసనం అంటే ఏమిటో రాయండి" అంటారు. చేతిరాత బాగుంటుందని ఆ చార్టు ఎప్పుడూ నాకే అంటగడతారు. మధ్యాహ్నం ఇంకొకాయన వచ్చి తెర మీది అక్షరాలు రెండు గంటలు చదువుతాడు. టీచరు ఉపన్యాసం ఇవ్వకూడదని అందులో ఉంటుంది.

సైకాలజీ నాకు రాదనుకోకండి. టీచరు ఉద్యోగానికి డీఎస్సీ పరీక్ష చదివిన రోజుల్లో అదంతా ఒక జూపార్కు, ప్రయోగాల్లో వాడిన జంతువులే. థార్నడైక్ పిల్లి, పావ్లోవ్ కుక్క, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ. చింపాంజీ పేరు సుల్తాన్ అని కూడా చెప్పగలను. పిల్లల ఎదుగుదల మీద సిద్ధాంతాలు రాసిన పియాజే, వైగాట్‌స్కీ ఇద్దరూ 1896లోనే పుట్టారు, ఇది కూడా బట్టీయే. నేను చేరినప్పుడు టెట్, అంటే టీచరు అర్హత పరీక్ష, లేదు, బతికిపోయాం అనుకున్నా. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలినవాళ్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలట. 150 మార్కుల్లో 30 ఈ శిశు వికాసానివే. ఇప్పుడు రాత్రి పూట కళ్లజోడు పెట్టుకుని మళ్లీ ఆ పిల్లి పెట్టెలోంచి ఎలా బయటపడిందో చదువుతున్నా. మా ఇంటామె చూసి నవ్వుతుంది.

సరే, అసలు సంగతి. 2019 నవంబరు, పత్తి ఏరే రోజులు. హైదరాబాద్‌లో టీచర్లను తయారుచేసే కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక మేడం మండలంలో బడులు చూస్తూ మా బడికి వచ్చారు. పేరు రాయను. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు, నలభై ఒక్క మంది పిల్లలు. చట్టం ప్రకారం అరవై మంది లోపు ఉంటే ఇద్దరే, ఐదు తరగతులున్నా సరే. ఈ లెక్క కట్టింది కూడా నిపుణులే అయ్యుంటారు. ఆ రోజు మా హెడ్‌మాస్టర్ మీటింగుకు పోయారు, అయిదు తరగతులూ నా నెత్తి మీదే. ఒకటీ రెండుకు పలకల మీద రాత ఇచ్చి, మూడుకు పాఠం చదవమని, ఐదుకు ఏదో చెప్పి, నాలుగో తరగతి పిల్ల ఒకామెను బోర్డు దగ్గరికి పిలిచా. 43 ఇంటూ 12.

పత్తి కాలంలో సోమవారం మా పిల్లల చేతులు చూస్తే ఆదివారం ఎక్కడున్నారో తెలిసిపోతుంది. ఎండిన కాయ మొనలు గీరుకుని గోళ్ల చుట్టూ సన్నటి గీతలు. బడి మానిపించి తీసుకుపోతే ఇంటికి పోయి కొట్లాడతాం గానీ ఆదివారం పోతే ఏమనగలం? ఆ పిల్ల వేళ్లకూ ఆ గీతలున్నాయి. చాక్‌పీసు పట్టుకుని 43ను 2తో హెచ్చవేసి 86 రాసింది. దాని కింద, సరిగ్గా దాని కిందే, 43 రాసింది. కలిపి 129. రెండు నెలలుగా ఇదే తప్పు. "రెండో వరుసల ఒక స్థానం వదలాలని ఎన్నిసార్లు చెప్పాలె?" అని గట్టిగానే అన్నా. పిల్ల డస్టరు కోసం చూస్తోంది.

మేడం వెనక నుంచి లేచి వచ్చి, "సార్, అది చెరపొద్దు. నేను కొంచెం మాట్లాడొచ్చా?" అని, ఆ గచ్చు మీద పిల్ల ముందు కూర్చున్నారు. అరవై దాటిన మనిషి. కుర్చీ వేస్తే వద్దన్నారు.

"నిన్న ఏడికి పోయినవ్ బిడ్డా?"

"పత్తేర."

"ఎన్ని కిలోలు?"

"అమ్మ, నేను కలిసి ముప్పై ఎనిమిది. సంచికి కిలో తీసిన్రు."

"కిలోకెంత?"

"ఎనిమిది. రెండొందల తొంభై ఆరైనయి. పటేలు మూడొందలిచ్చి, నాలుగు రూపాయలు మల్లొచ్చినప్పుడు పట్టుకుంట అన్నడు."

నేను మనసులో కట్టి చూసుకునేసరికి వాళ్లిద్దరూ ముందుకు పోయారు. "సరే, నలభై మూడు కిలోలు ఏరినవనుకో. కిలోకు పన్నెండు ఇస్తే ఎంత రావాలె?"

పిల్ల ఆమె మొహం చూసి, "పన్నెండు ఎవలిస్తరు మేడం?" అంది. మేడం పడీపడీ నవ్వారు. "ఇస్తరనుకో." పిల్ల పైన దూలం వైపు చూసి, "నలభైకి పదేసి నాలుగొందలు, రెండేసి ఎనభై. మూడు కిలోలకు ముప్పై ఆరు. ఐదొందల పదహారు" అని చెప్పేసింది. వేలు కూడా కదపలేదు.

మేడం లేచి బోర్డు మీద 129 పక్కనే 516 రాశారు. "ఇందులో ఏది కరెక్టు?"

పిల్ల మాట్లాడలేదు. రెండింటినీ మార్చి మార్చి చూస్తోంది. నా నోరు దురద పెడుతోంది. చెప్పబోయా కూడా, మేడం నా వైపు తిరక్కుండానే అరచెయ్యి అడ్డం పెట్టారు. ఎంతసేపని! రెండో తరగతి పిల్లలు కొట్టుకోవటం మొదలైంది, వంటామె గుడ్లు లెక్కపెట్టమని గుమ్మంలో నిలబడింది. అప్పుడు చెప్పింది పిల్ల. "అది చేన్ల లెక్క మేడం. ఇది బడి లెక్క."

అంటే రెండూ కరెక్టే! ఆ పిల్ల దృష్టిలో నేను చెప్పేది అసలు లెక్కే కాదు. బడిలో చేసే ఏదో ఒక తంతు. దేవుడి ముందు టెంకాయ కొట్టినట్టు, ఎందుకని అడక్కుండా ఒక స్థానం వదలాలి. వదలటం మర్చిపోతే సార్ తిడతాడు, అంతే.

"మరి పటేలు బడి లెక్క పెట్టి నూట ఇరవై తొమ్మిదే ఇస్తే తీసుకుంటవా?" అని అడిగారు మేడం.

"మా అమ్మ ఊకుంటదా?"

మళ్లీ నిశ్శబ్దం. తర్వాత పిల్ల తనంతట తానే బోర్డు దగ్గరికి పోయి, 12లో ఒకటి మీద వేలు పెట్టి, "ఇది పది గదా" అంది. ఎవరితోనో కాదు, తనతో తానే అన్నట్టు. కింది 43ను చేత్తో తుడిచి 430 రాసింది. కలిపింది. మా వైపు చూడకుండా పోయి కూర్చుంది.

భోజనాలయ్యాక వేపచెట్టు కింద మేడంతో గంటసేపు మాట్లాడా. నా సర్వీసులో ఒక నిపుణురాలితో జరిగిన సంభాషణ అంటే అదొక్కటే. ఆమె ఏ సిద్ధాంతమూ చెప్పలేదు, ముందు నన్నే అడిగారు. "ప్రశ్న వేశాక మీరు ఎంతసేపు ఆగుతారు?" పది సెకన్లు అని ధైర్యంగా చెప్పా. ఆమె మళ్లీ నవ్వారు. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆమె తరగతుల్లో రికార్డు చేసి చూస్తే టీచర్లు సగటున ఒక సెకను ఆగుతున్నారట. మూడు సెకన్లు ఆగితే చాలు, పిల్లల జవాబులు పొడుగవుతాయట, మూల కూర్చున్నవాళ్లు కూడా నోరు తెరుస్తారట. మర్నాడు నేను గోడ గడియారం చూసుకుంటూ ప్రశ్నలు వేశా. మూడు సెకన్లు అనేది చాలా పెద్ద కాలమండీ. నమ్మకపోతే మీ పిల్లల మీద చేసి చూడండి.

బ్రెజిల్‌లో రెసిఫె అనే ఊరి సంగతి కూడా ఆమే చెప్పారు. 1985లో వచ్చిన అధ్యయనం. వీధుల్లో కొబ్బరికాయలు, పండ్లు అమ్మే పిల్లల దగ్గర బేరగాళ్లలా నిలబడి ధరలు అడిగితే 98 శాతం సరిగ్గా చెప్పారట. అలాంటి లెక్కలే ఉత్త అంకెలుగా కాగితం మీద ఇస్తే 37 శాతమే. ఎంతమంది పిల్లలు మేడం అంటే, అయిదుగురు అన్నారు. "అయిదుగురేనా?" అన్నా. "మీకు పొద్దున ఒక్క పిల్లే సరిపోయింది కదా" అన్నారు.

కానీ అన్నీ ఒప్పుకోలేదు నేను. ఎక్కాల దగ్గర కొట్లాడాం. నిపుణులందరికీ ఎక్కాలంటే ఎందుకో కంటు. బట్టీ, బట్టీ అంటారు. పన్నెండో ఎక్కం నోటికి రాకుండా నలభైకి నాలుగొందల ఎనభై ఎక్కణ్నుంచి ఊడిపడుతుంది మేడం, అని అడిగా. ఆమె పిల్లను పిలిచి పన్నెండో ఎక్కం చెప్పమన్నారు. పన్నెండు మూళ్ల దగ్గర ఆగిపోయింది. నిజమే, పొద్దున అది పదేసి, రెండేసి విడగొట్టుకునే చేసింది. అయినా నా మాట మీద నేనే ఉన్నా. రెండో ఎక్కం వచ్చింది కాబట్టే కదా ఎనభై వచ్చింది! ఎనిమిదో ఎక్కం వచ్చింది కాబట్టే కదా పటేలు దగ్గర మోసపోలేదు! ఇప్పటికీ మా బడిలో పొద్దున ప్రార్థన కాగానే ఎక్కాలు ఉంటాయి. ఇరవై వరకు. ఎవరొచ్చి చెప్పినా మానను.

ఇంకో మాట. 2025లో నేచర్ అనే సైన్సు పత్రికలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో వాళ్ల బృందం ఇలాంటిదే పెద్ద ఎత్తున రాసింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలను చూశారు. బజార్లో లెక్క వచ్చినవాళ్లకు బడి లెక్క రాలేదు. అంతవరకు మాకు కొత్త కాదు. బడి లెక్కలు బాగా వచ్చే పిల్లలకు బజారు లెక్క రాలేదని కూడా తేలింది. ఇది చదివి నేను ఎగిరి గంతేశా. మా అన్న కొడుకు హన్మకొండలో వేలకు వేలు ఫీజు కట్టే బడిలో చదువుతాడు. కిలో ముప్పై అయితే ముప్పావు కిలో టమాటలకు ఎంతరా అంటే ఫోన్ తీశాడు. తొమ్మిదో తరగతి! వాడిని వ్యాన్ ఎక్కించటానికి మా వదిన నాలుగున్నరకు లేస్తుంది.

మా బడి కూడా 2022-23 నుంచి ఇంగ్లీష్ మీడియమే. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఆ తెలుగు కూడా మా పిల్లల తెలుగు కాదు. బస్తా జోకటం తెలిసిన పిల్లకు "తూకం వేయగా" అని రాస్తే ముందు ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. 2022 ఆగస్టు 15న తొలిమెట్టు అనే సర్కారు కార్యక్రమం మొదలైంది. పిల్లలు ఏ స్థాయిలో ఉన్నారో చూసి అక్కణ్నుంచి చెప్పమనటం మంచి ఆలోచనే, కాదనను. కానీ చూసేది మళ్లీ బడి లెక్కే కదా. చేను లెక్క అడిగే గడి నాకు ఏ ఫార్మాట్‌లోనూ కనపడలేదు.

2019లో కూడా అంతే. మేడం పోయిన వారానికి నెలాఖరు ఫార్మాట్ నింపాలి. రెండంకెల గుణకారం, ఎదురుగా రెండే గడులు, వచ్చు, రాదు. పరీక్ష పేపర్ ఆధారంగానే నింపాలని ఆర్డరు. ఆ పిల్ల పేపర్ రాసింది మేడం రాకముందు. తీసి చూశా, 129లాంటివి నాలుగున్నాయి. పెన్ను పట్టుకుని కాసేపు కూర్చుని, రాదు అనే గడిలో టిక్ పెట్టా.