ఎండకు పోవద్దు, సాషె మరిచిపోవద్దు

తిరుపతి

అమ్మాయీ,

నీ రిపోర్టులో విటమిన్ డి 11 వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. 20 లోపైతే లోపమే, 30 దాటాలి. "చిత్తూరు ఎండలో పెరిగిన పిల్లకు డి తక్కువేంది?" అన్నాడట మీ చిన్నాయన. ల్యూపస్ (మన రోగనిరోధక శక్తే మన ఒంటి మీద పడే జబ్బు) ఉన్నవాళ్లకు తగ్గకపోతేనే ఆశ్చర్యం. బయటికి పోతే గొడుగు, పొడుగు చేతులు, సన్‌స్క్రీన్. దానికి తోడు స్టెరాయిడ్లు. ఇక డి ఎక్కణ్ణుంచి వస్తుంది?

"పొద్దున ఏడింటికి మిద్దె మీద లేత ఎండలో కూర్చో" అని నీకు అందరూ చెప్తారు. ఊఁ కొట్టు, కూర్చోవద్దు. చర్మంలో డి తయారవ్వాలంటే యూవీ-బి కిరణాలు తగలాలి. లేత ఎండలో అవి చాలా తక్కువ, పది నుంచి మూడు దాకా దండిగా ఉంటాయి. మనకు పడనివీ అవే. వాటి దెబ్బకు చర్మంలో కణాలు చచ్చి లోపలి సరుకు బయటపడితే, శత్రువొచ్చాడనుకుని మన రోగనిరోధక శక్తి మన మీదికే లేస్తుంది. ముఖం మీద దద్దుతో మొదలై కీళ్లదాకా పోవచ్చు. రథసప్తమికి కొండ మీద మాడ వీధుల్లో సూర్యప్రభ నుంచి చంద్రప్రభ దాకా కూర్చుంటానని మొక్కుకున్నావట. ఆ మొక్కు మీ అమ్మ తీరుస్తుందిలే.

తిండితోనూ తీరే లోటు కాదిది. రాగిసంగటిలో కాల్షియం ఉంది, డి లేదు. గుడ్డు పచ్చసొనలో, చేపల్లో కాస్త ఉంటుంది, అంతే.

కాబట్టి డాక్టరు రాసిన 60 వేల యూనిట్ల డి పొడి సాషెనే దిక్కు. వారానికొకటి, రోజుకొకటి కాదు! కొవ్వులో కరిగేది గనక పరగడుపున వద్దు, మధ్యాహ్నం అన్నం తిన్నాక పాలలో కలుపుకో. శనివారం పెట్టుకోవద్దు, ఒక్కపొద్దు ఉంటావు కదా. నీ కాల్షియం మాత్రల్లోనూ డి3 ఉంటుందేమో అట్ట వెనక చదివి డాక్టరుకు చెప్పు. డి మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి దప్పిక, వాంతులు, మలబద్ధకం వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

డి పెరిగితే ల్యూపస్ పోతుందా అని అడిగావట. పోదు. రోగనిరోధక శక్తిలో భాగమైన టి, బి కణాలకు డిని పట్టుకునే రిసెప్టర్లు ఉన్నాయి, డి చాలినంత ఉంటే అవి కొంత అదుపులో ఉంటాయి. డి తక్కువున్నవాళ్లలో జబ్బు ఉధృతం ఎక్కువన్నదీ నిజమే. అయితే జబ్బు ముదిరినవాళ్లే ఇంటి పట్టున ఉండేది, స్టెరాయిడ్లు ఎక్కువ మింగేది. ఏది ముందో తేల్చడం కష్టం. 2022లో అమెరికా పరిశోధన ఒకటి వచ్చింది, రోజుకు 2000 యూనిట్లు వాడినవాళ్లకు ఇలాంటి జబ్బులు 22 శాతం తక్కువగా వచ్చాయని. వాట్సాప్‌లో తిరిగేది అదే. అది యాభై దాటిన మామూలు జనం మీద చేసింది, ల్యూపస్ ఉన్నవాళ్లకు వైద్యం కాదు. ల్యూపస్‌ను అదుపులో పెట్టే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం ఒక్కపూట కూడా మానొద్దు, అది కళ్లను దెబ్బతీయొచ్చు గనక కళ్ల పరీక్ష వాయిదా వేయొద్దు.

మూడు నెలలకు డితో పాటు కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ కూడా చూడమని అడుగు. మూత్రం నురగగా పోతుంటే కిడ్నీలకు దెబ్బ తగిలిందేమో, అప్పటిదాకా ఆగొద్దు. డిని పనికొచ్చే రూపానికి మార్చేది ముఖ్యంగా కిడ్నీలే. పొద్దున వేలూరు బస్సులో కుడివైపు సీటు పట్టు, బస్సు దక్షిణానికి పోతుంది కదా, ఎడమవైపంతా ఎండ. సాయంత్రం వచ్చేటప్పుడూ కుడివైపే.

నీ పెద్దమ్మ