కృత్తికల ఫొటోలో నక్షత్రాల నీలి రంగు ఎందుకు పోతోంది?

చాలా ఫ్రేములు కలిపి (స్టాక్ చేసి) తయారుచేసిన ఫొటోను, మసక వివరాలు కనిపించేలా వెలుగు పెంచగానే (స్ట్రెచ్ చేయగానే) చుక్కలన్నీ తెల్లగా అయిపోతున్నాయంటే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ఛానెళ్లూ గరిష్ఠ విలువకు చేరిపోతున్నాయన్నమాట. ఇక తేడా ఎక్కడ మిగులుతుంది?

ఉచితంగా దొరికే సిరిల్ అనే ఆస్ట్రోఫొటో సాఫ్ట్‌వేర్‌లో ముందు కలర్ క్యాలిబ్రేషన్ (రంగులను సరిచేయడం) చేసి, తర్వాత ఆసిన్‌హెచ్ (asinh) అనే రకం స్ట్రెచ్ కొద్దికొద్దిగా వాడండి. అది రంగుల నిష్పత్తిని చాలావరకు కాపాడుతుంది. అసలు ఫ్రేముల్లోనే చుక్క మాడిపోయి ఉంటే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు. తక్కువ ఎక్స్‌పోజర్‌తో మరికొన్ని తీసి కలపాల్సిందే.

ఇంకోటి. కృత్తికల్లో ఒకటైన మెరోపీ నక్షత్రం చుట్టూ కనిపించే నీలి పొగ మరక కాదు, నక్షత్రకాంతిని వెదజల్లే ధూళి. బ్యాక్‌గ్రౌండ్ (ఆకాశపు అనవసర వెలుగు) తీసేటప్పుడు, ఆ వెలుగును కొలవడానికి పెట్టే శాంపిల్ పాయింట్లు ఈ ధూళి మీద పడితే అదీ తుడిచిపెట్టుకుపోతుంది. నేనూ ఒకసారి అలాగే పోగొట్టుకున్నాను!