బండి ఆగాక వేసే ఇరవై అడుగులు

అమ్మా, ఆశీస్సులు.

కొత్త పోలీసు రిక్రూట్లకు ప్రథమ చికిత్స, ఎమర్జెన్సీ డ్రైవింగు రెండూ నువ్వే నేర్పాలని ఆర్డరు వచ్చిందని ఫోన్లో చెప్పావు. వినగానే చాలా సంతోషమేసింది. టైమ్‌టేబుల్ ఎలా వేయమంటారు అని అడిగావు కదా, దానికి అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. నిదానంగా ఆలోచించుకుని ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రెండు పాఠాలనూ విడదీయకు. పొద్దున గ్రౌండులో బండి, మధ్యాహ్నం క్లాసులో కట్లు అని వేస్తే రెండు పరీక్షలూ అందరూ పాసవుతారు. రోడ్డు మీద మాత్రం ఆ రెండూ ఒకే కాల్‌లో వస్తాయి. బండి నడిపిన చేతులే గాయాన్ని పట్టుకోవాలి. మధ్యలో ఉండేది ఇరవై అడుగుల నడక. మనవాళ్లు ఎక్కువగా తప్పుచేసేది అక్కడే.

నేను కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో ఒక రోడ్డు ప్రమాదానికి వెళ్లాను. సైరన్ మోగించుకుంటూ, ఎంత తొందరగా చేరతానా అని ఒకటే ఆత్రం. చేరాను. దిగి పరుగెత్తాను. తొడ మీద గాయంతో ఒకాయన పడి ఉన్నాడు, నెత్తురు ఆగకుండా కారుతోంది. కట్టుగుడ్డ ప్యాకెట్ చింపబోతే వేళ్లు మాట వినలేదు. రెండుసార్లు జారిపోయింది. చివరికి పక్కనున్న ఒక పెద్దావిడ తన పైబట్ట ముద్దచేసి గాయం మీద అదిమిపట్టింది. ఆయన బతికాడు, అది ఆవిడ చలవే. క్లాసులో కళ్లు మూసుకుని కట్టు కట్టినవాణ్ణి నేను. ఆ గుండెదడతో మాత్రం ఒక్కసారి కూడా కట్టి చూడలేదు.

అందుకే నీ డ్రిల్లు ఇలా పెట్టు. రిక్రూటు గ్రౌండులో సైరన్ వేసుకుని నాలుగు రౌండ్లు కొట్టాలి, వైర్‌లెస్‌లో కంట్రోల్ రూముకు జవాబులు చెబుతూ. ఆగిన వెంటనే దిగి, గాయపడ్డ మనిషికి బదులుగా పడుకోబెట్టిన బొమ్మ దగ్గరికి వెళ్లి పని మొదలుపెట్టాలి. మధ్యలో నువ్వేమీ చెప్పకు, చూస్తూ ఉండు. మొదటిసారి సగంమంది గ్లౌజులు మరిచిపోతారు, కొందరు కిట్ బండిలోనే వదిలేసి వస్తారు. ఆ మరుపు గ్రౌండులోనే బయటపడటం మంచిది.

బండి ఎక్కడ ఆపాలన్నది కూడా ఈ డ్రిల్లులోనే నేర్పు. గాయపడ్డవాణ్ణి దాటి వెళ్లి ఆపేవాళ్లు ఉంటారు. అలా ఆపితే వెనకనుంచి వచ్చే వాహనాలకూ ఆ మనిషికీ మధ్య అడ్డం ఏమీ ఉండదు. ప్రమాదానికి ముందే, కాస్త ఎడంగా, రోడ్డుకు ఏటవాలుగా ఆపాలి. లైట్లు వెలుగుతూనే ఉండాలి. ముందు చక్రాలు బాధితుడి వైపు కాకుండా పక్కకు తిప్పి ఉంచాలి, వెనకనుంచి ఎవరైనా గుద్దినా బండి అతని మీదికి వెళ్లకుండా. దిగేముందు అద్దంలో చూడటం చేతికి అలవాటయ్యేదాకా చేయించు.

వేగం గురించి క్లాసులో లెక్క వేసి చూపించు, ఉపన్యాసం వద్దు. 5 కిలోమీటర్ల దూరం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో 5 నిమిషాలు. 80తో వెళ్తే 3 నిమిషాల 45 సెకన్లు. మిగిలింది 75 సెకన్లు. ఆ 75 సెకన్ల కోసం బ్రేకు వేశాక బండి జారే దూరం దాదాపు 1.8 రెట్లు అవుతుంది, ఎందుకంటే వేగం రెండింతలైతే ఆ దూరం నాలుగింతలవుతుంది. 60లో ఉన్నప్పుడు కూడా ఒక్క సెకను పరధ్యానంగా ఉంటే బండి దాదాపు 17 మీటర్లు చూడకుండానే పోతుంది. వేగంగా వెళ్లవద్దని నేననడం లేదు. ఎక్కడ వేగం పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో వాళ్లే తేల్చుకోవాలి. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద తీసుకున్న వేగాన్ని కూడలి దగ్గర వదులుకోవడం వాళ్లకు తెలియాలి.

కూడళ్ల దగ్గర ఎక్కువ సమయం గడుపు. సైరన్ దారి అడుగుతుంది, అంతే. దారి ఇవ్వాల్సింది ఎదుటివాళ్లు. అద్దాలెత్తి పాటలు పెట్టుకున్నవాడికి మన సైరన్ చివరిక్షణం దాకా వినపడకపోవచ్చు. ఇంకో ప్రమాదం, రెండు దిక్కులనుంచి రెండు ఎమర్జెన్సీ బళ్లు వస్తే ఎవరి సైరన్ హోరులో వాళ్లకు రెండోది వినిపించదు. ఎర్రలైటు ఉన్న కూడలిలో దాదాపు ఆగేంతగా నెమ్మదించి, ఒక్కో వరస ఖాళీ అయిందని కళ్లతో చూసుకుని దాటాలి. ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు ఇవ్వకు.

భయంలో చూపు ఇరుకైపోతుంది. ఎదురుగా ఉన్నది తప్ప పక్కలు కనిపించవు. దీనికి నాకు తెలిసిన మంచి మందు, నడుపుతూ కనిపించింది పైకి చెప్పించడం. "ఎడమన ఆగిన బస్సు, దాని ముందు నుంచి మనిషి రావచ్చు, కాలు బ్రేకు మీద పెట్టాను" అని గొంతెత్తి చెప్పాలి. మొదట సిగ్గుపడతారు. వారం తిరిగేసరికి చూపు పక్కలకు కూడా పోవడం నువ్వే గమనిస్తావు.

ఇక చేతిపని. గుండె ఆగిన మనిషి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకు కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు, 6 దాటకుండా నొక్కాలని పుస్తకంలో ఉంది, అది వాళ్లు చదువుకుంటారు. పుస్తకంతో రానిది ఒకటుంది. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో కొందరు చేపలా నోరు తెరిచి ఎగశ్వాస తీస్తారు. కొత్తవాళ్లు దాన్ని చూసి ఊపిరి ఆడుతోందనుకుని ఆగిపోతారు. అది ఊపిరి కాదు. పిలిస్తే పలకకుండా, మామూలుగా ఊపిరి తీయకుండా ఉంటే నొక్కడం మొదలుపెట్టాల్సిందే. దీన్ని నువ్వే నేల మీద పడుకుని నటించి చూపించు, మరిచిపోరు. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. అలసిపోయినవాడికి తన లోతు తగ్గిందని తనకే తెలియదు. గుండె ఆగాక నెత్తురందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది కాబట్టి, దారిలో ఉండగానే కంట్రోల్ రూము ద్వారా అక్కడున్నవాళ్లతో నొక్కించడం కూడా మన పనే అని చెప్పు. చాలాసార్లు బండి వేగం కంటే ఆ ఒక్క మాటే ఎక్కువ కాపాడుతుంది.

నెత్తురుకు ముందు గట్టిగా అదమడం. చేతికో కాలికో అయిన గాయం నుంచి అదిమినా ఆగకుండా ఉధృతంగా కారితే టోర్నికెట్, అంటే నెత్తురు ఆపడానికి చుట్టూ బిగించే పట్టీ. గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా, నెత్తురు ఆగేదాకా బిగించి, బిగించిన టైము రాయాలి. అవతలివాడు నొప్పికి అరుస్తాడు, జాలిపడి వదులు చేయకూడదు. ఒక్కొక్కరికీ నువ్వే కట్టి ఆ నొప్పి ఎలా ఉంటుందో కాసేపు తెలియనివ్వు.

మన ఉద్యోగానికే ప్రత్యేకమైనది ఇంకొకటి. అదుపులోకి తీసుకున్న మనిషిని బోర్లా పడుకోబెట్టి వీపు మీద బరువు వేస్తే అతనికి ఊపిరాడకపోవచ్చు. బేడీలు పడగానే పక్కకు తిప్పాలి లేదా కూర్చోబెట్టాలి. అంతవరకు పెనుగులాడినవాడు ఒక్కసారిగా నెమ్మదించాడంటే లొంగిపోయాడని అనుకోకుండా ఊపిరి చూడాలి. ఇది కూడా ప్రథమ చికిత్సే అని నీ క్లాసులో గట్టిగా చెప్పు. నేను ఈ మాట ఆలస్యంగా నేర్చుకున్నాను, ఇప్పటికీ బాధపడుతుంటాను.

సర్టిఫికెట్ చేతికొచ్చాక పని అయిపోయిందనుకుంటారు. ఛాతీ నొక్కే నేర్పు కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది. స్టేషన్లకు వెళ్లిపోయినా మూడు నెలలకోసారి పది నిమిషాలు బొమ్మ మీద చేయించేలా పై అధికారులను అడుగు. ఒప్పుకోకపోతే మళ్లీ అడుగు.

డ్రిల్లు అయ్యాక ఎవరినీ అందరి ముందూ తిట్టకు. ఎక్కడ తడబడ్డాడో ముందు వాడినే చెప్పనివ్వు. నిజమైన ప్రమాదం చూసొచ్చిన పిల్లలు రాత్రి నిద్రపట్టక నీ దగ్గరికి వస్తే, పని ఉన్నా పక్కన పెట్టి విను. మా రోజుల్లో మాకు అలా వినేవాళ్లు లేరు.

మొదటి ఉమ్మడి డ్రిల్లు పెట్టాక, బండి ఆగినప్పటి నుంచి చెయ్యి బొమ్మ మీద పడేదాకా ఒక్కొక్కరికి ఎన్ని సెకన్లు పట్టిందో, ఎవరు ఏం మరిచిపోయారో రాసి పంపు. అది చూశాక రెండో డ్రిల్లు ఎలా మార్చాలో మాట్లాడుకుందాం.

నీ పాత మాస్టారు