ఆయన లద్దాఖ్‌లో, దావా ఊళ్లో: వాయిదాకు ఎవరు వెళ్లాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా ఆయన ఆర్మీలో హవల్దారు, ఇప్పుడు లద్దాఖ్‌లో ఉన్నారు. మామగారు పోయాక 3 ఎకరాల జీడితోట ఉమ్మడిగానే ఉంది. తోట పెంచింది తనేనని, ఎక్కువ వాటా తనకే రావాలని మా బావగారు పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా వేశారు. అత్తగారు ఒకటో ప్రతివాది, మా ఆయన రెండో ప్రతివాది. అత్తగారు బావగారి దగ్గరే ఉంటారు. కోర్టు అమీనా సమన్లు తెస్తే నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. ఆయనకు లీవ్ దొరకడం లేదు. కలెక్టరు గారికి అర్జీ పెడితే కేసు ఆగిపోతుందని ఊళ్లో ఒక మాజీ సైనికుడు చెప్పారు. నిజమేనా? ఇంకోటి, పంచాయతీ వాళ్లు ఇంటి పన్ను కూడా అడుగుతున్నారు.
- ఒక జవాను భార్య

జవాబు: సంతకం పెట్టి తప్పు చేశానని టెన్షన్ పడకండమ్మా. ప్రతివాది సైనికుడైతే సమన్లను ఆయన కమాండింగ్ ఆఫీసరుకు పంపాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5 రూల్ 28 చెబుతోంది. కాబట్టి సమన్లు సరిగా అందలేదని వాదించే వీలుంది. కానీ ఆ వాదననే నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు. నా దగ్గరికి వచ్చిన ఒక కేసులో తల్లి ఆ కాగితాన్ని గోడకున్న క్యాలెండర్ వెనక దోపి మర్చిపోయింది. కొడుకు లీవ్‌లో వచ్చేసరికి ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ప్రతివాది రాకుండానే ఇచ్చే తీర్పు, అయిపోయి ఉంది. దాన్ని కొట్టేయించడానికి పట్టిన తిరుగుడులో సగం తిరిగి ఉంటే మొదట్లోనే కేసు నడిచేది.

మీ ఊరి మాజీ సైనికుడు చెప్పింది గాలి మాట కాదు. ఇండియన్ సోల్జర్స్ (లిటిగేషన్) యాక్ట్ అని 1925 నాటి చట్టం ఒకటుంది. లాయర్లలోనే చాలామంది దాన్ని తెరిచి చూసి ఉండరు. తన జిల్లాకు చెందిన సైనికుడు కోర్టుకు రాలేని స్థితిలో ఉన్నాడని కలెక్టరు నమ్మితే, సెక్షన్ 5 కింద కోర్టుకు ఆ సంగతి రాసి పంపవచ్చు. అప్పుడు సెక్షన్ 6 ప్రకారం కోర్టు విచారణ ఆపి, సైనిక అధికారుల నుంచి సర్టిఫికెట్ కోరుతుంది. ఆయన యుద్ధ పరిస్థితుల్లోనో, విదేశంలోనో, కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన ప్రాంతంలోనో పనిచేస్తున్నారని, న్యాయం కోసం వాయిదా అవసరమని ఆ సర్టిఫికెట్ చెబితే కేసు ఆయనకు సంబంధించినంత మేరకు వాయిదా పడుతుంది. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వొచ్చు. జిల్లా సైనిక సంక్షేమ అధికారి ద్వారా పంపితే ఇంకా మంచిది, జిల్లా సైనిక్ బోర్డుకు అధ్యక్షుడు కలెక్టరే.

సైనికుడి ప్రయోజనమూ మరో ప్రతివాది ప్రయోజనమూ ఒకటేనని, ఆ ప్రతివాది సరిగ్గా వాదించుకుంటున్నారని కోర్టు అనుకుంటే మాత్రం కేసు ఆపక్కర్లేదు. బావగారి లాయరు అత్తగారిని చూపించి ఇదే అంటారు. ఆవిడ ఎవరి దగ్గర ఉంటున్నారో, తోట ఫలసాయం ఎవరు తీసుకుంటున్నారో మీ అర్జీలోనే రాయండి.

ఇంతకీ కేసు ఆగితే లాభం ఎవరికి? జీడిగింజలు ఏరుకుంటున్నది బావగారు. కేసు ఎంత నానితే ఆయనకు అన్ని పంటలు. అందుకే మీ విషయంలో ఆపడం కంటే నడపడమే మంచిదని నా అభిప్రాయం. దానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఆర్డర్ 28 ఉంది. లీవ్ దొరకని సైనికుడు తన తరఫున దావా నడపడానికి ఎవరికైనా, అంటే మీకు, రాతపూర్వకంగా అధికారం ఇవ్వొచ్చు. కోర్టు పేరు, దావా నంబరు, మీ పేరు రాసి, కమాండింగ్ ఆఫీసరు ఎదుట ఆయన సంతకం చేస్తే, ఆఫీసరు కింద కౌంటర్‌సైన్ చేస్తారు, అంటే ధ్రువీకరిస్తూ తనూ సంతకం పెడతారు. ఆ కాగితం కోర్టులో దాఖలైతే చాలు, లీవ్ దొరకలేదనడానికి ఆ కౌంటర్‌సంతకమే రుజువు. ఆపై లాయరుకు వకాలత్ (కేసు వాదించే అధికార పత్రం) మీరే ఇవ్వొచ్చు. రాజీపడే అధికారం కూడా అందులో రాయాలా వద్దా అన్నది మీరిద్దరూ ముందే మాట్లాడుకోండి.

రిటెన్ స్టేట్‌మెంట్‌కు, అంటే దావాకు ప్రతివాది రాసిచ్చే జవాబుకు, గడువు 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90. పార్టిషన్ దావాలో ప్రతివాది కూడా తన వాటా విడగొట్టమని అడగవచ్చు, దానికి కోర్టు ఫీజు కట్టాలి. అందులోనే పంట లెక్కలూ అడగండి, తేలేదాకా తోట అమ్మకుండా ఇంజంక్షనూ (కోర్టు నిషేధ ఉత్తర్వు) కోరండి. సాక్ష్యం దశలో ఆయనకు మాత్రమే తెలిసిన సంగతులు ఆయనే చెప్పాలి, అది లీవ్‌లో వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

ఒకవేళ ఈపాటికే ఎక్స్‌పార్టీ డిక్రీ అయి ఉంటే, మామూలు మనిషికి దాన్ని కొట్టేయమని అడగడానికి 30 రోజులే. 1925 చట్టం కిందికి వచ్చే సైనికుడికి సెక్షన్ 10 ప్రకారం 90 రోజులు. సమన్లు సరిగా అందకపోతే ఆ 90 రోజులు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క.

లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. జవాన్ల కుటుంబాల కోసమే నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) 2025 జులై 26న వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. సైనిక సంక్షేమ కార్యాలయాల్లోనే న్యాయ సహాయ కేంద్రాలు పెట్టడం దాని ఉద్దేశం.

ఇంటి పన్ను సంగతి: సర్వీసులో ఉన్న సైనికులు ఎక్కడ పనిచేస్తున్నా గ్రామ పంచాయతీల్లో ఒక ఇంటికి మన రాష్ట్రంలో 2025 నవంబరులో మినహాయింపు ప్రకటించారు. ఇల్లు ఆయన పేరునో మీ పేరునో ఉండాలి. ఇంకా మామగారి పేరునే ఉంటే పంచాయతీ కార్యదర్శి ఒప్పుకోరు, ముందు పేరు మార్పించుకోండి.

సమన్ల మీద వాయిదా ఏ తేదీకి వేశారో మీరు రాయలేదు. ఆ కాగితం రెండు వైపులా ఫోటో తీసి ఈ రాత్రికే ఆయనకు పంపండి, రేపు ఆయన ఆఫీసరు దగ్గరికి వెళ్తారు.