బహుళస్థాయా, పలుమెట్లా?

ప్రశ్న: సోలార్ కరెంటును గ్రిడ్‌కు (కరెంటు సరఫరా చేసే లైన్ల వ్యవస్థకు) కలిపే మల్టీలెవెల్ ఇన్వర్టర్ మీద తెలుగులో పాఠం రాస్తూ దాన్ని 'బహుళస్థాయి విలోమకం' అన్నాను. తోటి అధ్యాపకులు 'పలుమెట్ల ఇన్వర్టర్' అంటే చాలంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: ముందు ఆ యంత్రం చేసే పని చూద్దాం. సోలార్ ప్యానెళ్ల నుంచి వచ్చేది ఒకే దిశలో పారే డీసీ. గ్రిడ్‌లో ఉన్నది సెకనుకు 50 ఆవృత్తాల ఏసీ, నున్నటి అల. డీసీని ఏసీగా మార్చేది ఇన్వర్టర్. రెండు స్థాయిల ఇన్వర్టర్ వోల్టేజిని ఆ కొస నుంచి ఈ కొసకు ఒక్క ఊపున తిప్పుతుంది. అయిదు స్థాయిలదైతే అంచెలంచెలుగా ఎక్కి దిగుతుంది. ఆ రూపం అలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి హార్మోనిక్స్ (అసలు అలను చెడగొట్టే ఎక్కువ ఆవృత్తాల అలలు) తగ్గుతాయి, వాటిని వడగట్టడానికి చిన్న ఫిల్టర్ సరిపోతుంది.

వోల్టేజి మార్పులను గీతగా చూపే ఆసిలోస్కోపు తెర మీద కనిపించేవి అచ్చంగా మెట్లే. అందుకే మీ మిత్రులకు ఆ మాట తట్టింది. నాకూ ఇష్టమైన మాటే. కానీ లెక్క దగ్గర చిక్కొస్తుంది. మేడమెట్లు లెక్కపెట్టేవాళ్లెవరూ నేలను మెట్టుగా లెక్కించరు. ఇక్కడ సున్నా వోల్టేజి కూడా లెక్కలోదే: పైన రెండు, కింద రెండు, నడుమ సున్నా, మొత్తం అయిదు. 'అయిదు మెట్లు' అంటే విద్యార్థి అయిదూ పైకే అనుకుంటాడు. 'స్థాయి'తో ఆ పొరపాటు రాదు. సంగీతంలో మంద్ర, మధ్య, తార స్థాయిలు మూడు అంటాం; మధ్యస్థాయిని వదిలి లెక్కపెట్టం కదా! మూడు స్థాయిల ఇన్వర్టర్‌కు ఇంతకన్నా మంచి పోలిక దొరకదు. పేరుకు 'స్థాయి' ఉంచండి, వివరణలో 'మెట్లు' వాడండి.

'బహుస్థాయి' అనాలని ఎవరైనా అనొచ్చు. బహుళార్థసాధక, బహుళజాతి వంటివి ఎప్పుడో స్థిరపడ్డాయి కాబట్టి 'బహుళ'తో ఇబ్బంది లేదు.

'విలోమకం' మాత్రం వద్దు. రెక్టిఫయర్ ఏసీని డీసీ చేస్తుంది. దానికి ఎదురుపని చేసేది కాబట్టి ఇన్వర్టర్. ఈ సంగతి తెలియని పాఠకుడికి 'విలోమకం' ఏమీ చెప్పదు, గణితంలోని విలోమ ప్రమేయాన్ని గుర్తుచేస్తుందంతే. 'ఇన్వర్టర్' తెలుగు విభక్తులకు హాయిగా లొంగింది. సంస్కృతం పక్కన ఇంగ్లీషు మాట ఎలా అంటారేమో, 'విద్యుత్ మీటరు' అనడం లేదా? 'బహుళస్థాయి ఇన్వర్టర్' నిక్షేపంలాంటి మాట.

ఒక్క జాగ్రత్త తీసుకోండి. మన ఇళ్లలో ఇన్వర్టర్ అంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో ఫ్యాను తిప్పే పెట్టె. గ్రిడ్‌కు కలిపిన సోలార్ ఇన్వర్టర్, బ్యాటరీ లేనిదైతే, లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకూడదని అలా తయారుచేస్తారు. కాబట్టి పాఠంలో మొదటిసారి 'గ్రిడ్‌కు కలిపే ఇన్వర్టర్' అని పూర్తిగా రాసి, ఈ తేడాను అక్కడే చెప్పండి.