విద్యుత్ సలహా: స్విచ్‌ను ఆన్‌లో ఉంచి తాళం వేయవచ్చా?

ప్రశ్న: మా భవన సముదాయంలో అగ్నిమాపక పంపుకు సప్లై ఇచ్చే ఐసోలేటర్‌ను (సప్లైని పూర్తిగా విడదీసే స్విచ్‌ను) ఎవరో ఆఫ్ చేసి వెళ్లారు. నాలుగు రోజుల తరువాత పంపును పరీక్షకు నడపబోతే గానీ ఆ సంగతి బయటపడలేదు. పిడికి తాళంకప్ప పట్టే రంధ్రం ఉంది కనుక ఇకమీదట దానిని ఆన్‌లోనే ఉంచి తాళం వేసేద్దామని కమిటీ సభ్యులు అంటున్నారు. తాళమనేది ఆఫ్‌లో వేయడానికే తప్ప ఆన్‌లో వేయడానికి కాదని మా ఎలక్ట్రీషియన్ ఒప్పుకోవడం లేదు. ఎవరి మాట సరైనది?
— ఒక నిర్వహణ బాధ్యుడు

జవాబు: ఈ ఒక్క పంపు విషయంలో కమిటీ మాట చెల్లుతుంది. భవనంలోని మిగతా స్విచ్‌ల విషయంలో మీ ఎలక్ట్రీషియన్ మాటే చెల్లుతుంది.

ఆయన అభ్యంతరానికి బలమైన ఆధారమే ఉంది. మోటారు మీద చేతులు పెట్టి పనిచేసే మనిషి, తాను పని ముగించేవరకు మరెవరూ సప్లై ఇవ్వకుండా చూసుకోవడానికే ఐసోలేటర్ పిడికి తాళం రంధ్రం పెడతారు. యంత్రాల విద్యుత్ భద్రతకు సంబంధించి ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) ఇచ్చిన 60204-1 ప్రమాణం కోరేది కూడా ఆఫ్‌లో తాళం పడే ఏర్పాటునే. లోపల కరెంటును కలిపే లోహపు ముక్కలు, అంటే కాంటాక్టులు, నిజంగా విడిపోతే తప్ప ఆఫ్ స్థానంలో తాళం పట్టకూడదని ఐసోలేటర్ల ప్రమాణాలు చెబుతాయి. ఆన్‌లో తాళం వేసుకునే వీలును మాత్రం అవి ప్రత్యేక అవసరాలకు మినహాయింపుగానే అనుమతిస్తాయి.

అగ్నిమాపక పంపు అటువంటి ప్రత్యేక అవసరాలలో మొదటిది. మామూలు మోటారు వేడెక్కితే దానిని ఆపి కాపాడుకుంటాము. ఈ పంపును మాత్రం, మోటారు కాలిపోయినా సరే, నీరు అందినంతసేపు నడవనివ్వాలన్న లెక్కతోనే అమర్చుతారు. మోటారు తిరగకుండా బిగుసుకుపోయినప్పుడు సాధారణ కరెంటుకు సుమారు ఆరు రెట్లు లాగుతుంది. అంతటి కరెంటునైనా ఎంతసేపైనా భరించగలిగేలా, సప్లై వచ్చే దారిలో పంపుకు ముందున్న రక్షణ పరికరాన్ని ఎంచుకోవాలని అమెరికా జాతీయ విద్యుత్ కోడ్ అంటుంది. ఓవర్‌లోడ్‌కే ఆగకూడదని ఇంత జాగ్రత్తగా కట్టిన సప్లైని, దారిన పోయే ఒక చెయ్యి ఆపేయగలిగితే ఆ జాగ్రత్తకు అర్థం లేదు. అందుకే అదే కోడ్ ఈ స్విచ్‌కు ఆన్‌లో తాళం పట్టే ఏర్పాటు ఉండాలంటుంది. స్విచ్ ఆన్‌లోనే ఉందని కనిపెట్టుకోవడానికి అది నాలుగు మార్గాలు చూపుతుంది. దూరంలోని పర్యవేక్షణ కేంద్రానికి సంకేతం పంపడం ఒకటి. ఎప్పుడూ మనిషి ఉండే చోట గంట మోగేలా చేయడం మరొకటి. ఆన్‌లో తాళం వేయడం మూడవది. యజమాని అదుపులో ఉన్న భవనంలోనో కంచె లోపలో ఉన్న స్విచ్‌కైతే, సీలు వేసి వారం వారం తనిఖీ చేసి నమోదు చేయడం నాలుగవది.

నా అభిప్రాయంలో మీకు తాళం కంటే ముందు కావలసింది ఆ గంట. తాళం ఆ ఒక్క పిడి కదలకుండా చూస్తుంది, అంతే; పైన మరో బ్రేకర్ ట్రిప్ అయినా, ఒక ఫేజు పోయినా, ఫ్యూజు కాలినా తాళం మాత్రం చెక్కుచెదరకుండా వేలాడుతూనే ఉంటుంది, చూసేవారికి అంతా సవ్యంగానే కనబడుతుంది. పంపు ప్యానెల్‌కు సప్లై అందనప్పుడు కాపలా గదిలో మోగే అలారం ఉండి ఉంటే, నాలుగు రోజులు తెలియని సంగతి నాలుగు నిమిషాలలో తెలిసేది. ఆ అలారం మాత్రం అదే సప్లై మీద కాక బ్యాటరీ మీద పనిచేయాలి.

ఇక తాళం వేస్తే ఎలా వేయాలో చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక కర్మాగారంలో ఎర్రటి తాళంకప్ప వేలాడుతున్న ఐసోలేటర్‌ను చూసి, ఎవరో ఆఫ్ చేసి తాళం వేశారనుకుని నేను టెర్మినల్ కవరు విప్పాను. టెస్టర్ పెట్టగానే వెలిగింది. పిడి నిలువుగా, అంటే ఆన్‌లో ఉంది. నా కళ్లు తాళాన్నే చూశాయి గానీ పిడిని చూడలేదు. అందుచేత పనివాళ్లు ఆఫ్‌లో వేసుకునే తాళాల రంగును, ఆకారాన్ని ఆన్‌లో వేసే తాళానికి వాడకండి. దాని పక్కనే "ఈ స్విచ్ ఆన్‌లో ఉంది, సప్లై ఉంది" అని పెద్ద అక్షరాలతో పలక పెట్టండి. ఒక తాళంచెవి రాత్రింబవళ్లు విధిలో ఉండే వ్యక్తి దగ్గర, మరొకటి స్విచ్ దగ్గరే పగలగొట్టగలిగే అద్దం వెనుక ఉండాలి. పంపుకు మరమ్మతు చేసే రోజున ఆ తాళం తీసి, పిడిని ఆఫ్‌కు తెచ్చి, పనిచేసే వ్యక్తి తన సొంత తాళం వేసుకోవాలి. తరువాత సప్లై ఉన్న చోట టెస్టర్‌ను పరీక్షించి, పనిచేసే చోట సప్లై లేదని చూసి, మళ్లీ సప్లై ఉన్న చోట టెస్టర్ పనిచేస్తోందని నిర్ధారించుకోవాలి.

అసలు ఆ స్విచ్‌ను ఎందుకు ఆఫ్ చేశారో కూడా ఒకసారి ఆరా తీయండి. పక్కపక్కనే ఒకేలాంటి రెండు పెట్టెలు, వాటి మీద పేర్లు లేకపోవడం తరచుగా కనిపించే కారణం.

ప్రశ్న: అగ్ని హెచ్చరిక ప్యానెల్‌కు సప్లై ఇచ్చే బ్రేకర్ మీటను ఆన్‌లో బిగించే చిన్న క్లిప్పు అమర్చారు. షార్ట్ సర్క్యూట్ అయితే బ్రేకర్ ట్రిప్ కాకుండా ఈ క్లిప్పు అడ్డుపడుతుందా?

జవాబు: అడ్డుపడదు. ప్రమాణాలకు తగిన బ్రేకర్లలో మీటకూ కాంటాక్టులకూ మధ్య ఉన్న యంత్రాంగం, ట్రిప్ అయ్యే క్షణంలో మీటతో సంబంధం లేకుండా విడిపోతుంది. వేలితో మీటను పైకి నొక్కి పట్టుకున్నా లోపల కాంటాక్టులు తెరుచుకుంటాయి. చిక్కంతా ఆ తరువాతే ఉంది. చాలా బ్రేకర్లలో ట్రిప్ అయినప్పుడు మీట మధ్యకో కిందికో జారి ఆ సంగతి చెబుతుంది. క్లిప్పు పట్టి ఉంచితే మీట ఆన్‌లోనే కనిపిస్తుంది, సప్లై మాత్రం ఉండదు. కాంటాక్టుల అసలు స్థితిని రంగుతో చూపే చిన్న కిటికీ ఉన్న బ్రేకరైతే దానిని నమ్మండి, లేకపోతే మీటరు పెట్టి చూడండి. తిరిగి సెట్ చేయడానికి మీటను పూర్తిగా ఆఫ్‌కు దించి మళ్లీ ఎత్తాలి కనుక క్లిప్పు తీయక తప్పదు; దానిని తీసే పనిముట్టు ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి. ఆ బ్రేకర్ తయారీదారు ఇచ్చిన క్లిప్పునే వాడండి. మీటకు ఇనుప తీగ చుట్టి కట్టడం మాత్రం వద్దు, ఆ తీగ కొస ఏ టెర్మినల్‌కు తగులుతుందో చెప్పలేము.

ప్రశ్న: మా వర్క్‌షాపులో సాయంత్రం పనివాళ్లు ఒక యంత్రం మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్తున్నారు. దానివల్ల కంట్రోలర్‌లోని సెట్టింగులు పోయి ఉదయం గంట వృథా అవుతోంది. పసుపు పలక మీద ఎర్రటి పిడి ఉన్న ఆ స్విచ్‌ను ఆన్‌లో తాళం వేయవచ్చా?

జవాబు: వేయకూడదు. పసుపు మీద ఎరుపు అంటేనే ప్రమాద సమయంలో ఎవరైనా సరే లాగి ఆపేయవలసిన పిడి అని అర్థం. యంత్రంలో చెయ్యి ఇరుక్కున్న మనిషి పక్కన నిలబడి తాళంచెవి కోసం వెతికే పరిస్థితి రానివ్వకండి. ముందు కంట్రోలర్‌లోని బ్యాకప్ బ్యాటరీ చూపించండి, చాలావరకు అది అయిపోవడం వల్లే సెట్టింగులు పోతాయి. బ్యాటరీ బాగానే ఉంటే కంట్రోలర్‌కు వేరే బ్రేకర్ నుంచి సప్లై ఇప్పించి, మెయిన్ ఆపినా ఆ వైర్లలో కరెంటు ఉంటుందన్న హెచ్చరికను పెట్టె తలుపు మీద అంటించండి.