అగ్నిమాపక నురుగుతో జబ్బులు వస్తాయా, పరిహారం అడగవచ్చా?

పైడిభీమవరం పరిశ్రమలో ఏళ్ల తరబడి అగ్నిమాపక నురుగు వాడిన మీ అన్నయ్యకు ప్రమాదముందా, అమెరికా దావాల్లో చేరవచ్చా అని అడిగారు.

మండే ద్రవాల మంటలపై పలుచని పొరలా పరుచుకొని గాలిని అడ్డుకునే ఏఎఫ్ఎఫ్ఎఫ్ నురుగులో చాలాకాలంగా పీఎఫ్ఏఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు వాడుతున్నారు. ఇవి నేలలో, నీటిలో అంత తేలిగ్గా విచ్ఛిన్నం కావు. వాటిలో ఒకటైన పీఎఫ్ఓఏ వంటివి రక్తంలో సగానికి తగ్గడానికే కొన్నేళ్లు పడుతుంది. ఆ పీఎఫ్ఓఏను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా వర్గీకరించింది. మూత్రపిండాల, వృషణాల క్యాన్సర్లతోను, అధిక కొలెస్ట్రాల్‌తోను ఈ రసాయనాలకు సంబంధం కనిపించింది. అయితే నురుగు తాకిన ప్రతివారికీ జబ్బు వస్తుందని కాదు.

అమెరికాలోని సౌత్ కరోలినా ఫెడరల్ కోర్టులో నురుగు తయారీ సంస్థలపై ఉన్న వేలాది దావాలు ప్రధానంగా ఆ దేశంలో నష్టపోయినవారివి. 2023లో ఆ తయారీదారుల్లో ఒకటైన 3ఎం సంస్థ చెల్లించడానికి ఒప్పుకున్న 1,030 కోట్ల డాలర్లు కూడా అక్కడి తాగునీటి సంస్థలకే. అందులో వాటా ఇప్పిస్తామని ఫీజు అడిగేవారిని దయచేసి నమ్మకండి.

ఇక్కడ కార్మికుడి జబ్బుకు దారి కార్మిక పరిహార నిబంధనలు (2025 నవంబరు నుంచి ఇవి సామాజిక భద్రతా కోడ్‌లో భాగం), లేదా ఈఎస్ఐ బీమా ఉంటే ఆ పథకం. ఊరి బావులు కలుషితమైతే పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. జబ్బుకు పనే కారణమని నిరూపించడం కష్టం కాబట్టి, డ్రమ్ము మీది లేబుల్ ఫొటో, డ్యూటీ రికార్డులు, వైద్య పరీక్షల కాగితాలు ఇప్పుడే భద్రపరచి, ఆలస్యం చేయకుండా శ్రీకాకుళంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో సలహా తీసుకోండి.